ఆడపడుచు నేల మీద కూర్చున్న రోజు

పసిఫిక్ సముద్రంలోని టోంగా దేశంలో, వవావు దీవిలోని ఒక చర్చిలో పాటల బృందానికి సిసీలియాయే పెద్ద. ఇంట్లోనూ అంతే. టోంగాలో తమ్ముడి భార్యకు ఆడపడుచు మాటంటే ఇక తిరుగులేదు.

సిసీలియా తమ్ముడి భార్య లోసేలికి అప్పుడు ఐదో నెల. ఆదివారం ఉదయం చర్చి గుమ్మంలో మెల్లిగా అడిగింది.

“వదినా, ఇవాళ కూర్చుని పాడనా? నిలబడితే గుండె దడదడలాడుతోంది. కళ్లు తిరుగుతున్నాయి.”

“మా అమ్మ తొమ్మిదిమందిని కంది. ఒక్కనాడూ కూర్చుని పాడలేదు. నీ నాటకాలు మా తమ్ముడి దగ్గర ఆడుకో!”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. లోసేలి తల దించుకుని వరసలో నిలబడింది.

మూడో పాట మధ్యలో ఆమె నిలువునా కూలిపోయింది. తెలియకుండానే మూత్రం పోయి తెల్లగౌను తడిసిపోయింది. అందరూ చూశారు. పాట నడిపిస్తున్న సిసీలియా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తేరుకుని, చర్చికి వచ్చేటప్పుడు మర్యాదకు నడుముకు చుట్టుకునే అల్లిక చాప విప్పి మరదలి మీద కప్పింది. ఆ చాప లేకుండా చర్చిలో నిలబడడం ఎంత తలవంపో ఊరందరికీ తెలుసు. సిసీలియాను మాత్రం గుమ్మంలో తానన్న మాటే కాల్చేసింది.

జనంలోంచి వచ్చిన నర్సు కలొలైనె లోసేలిని ఎడమ పక్కకు తిప్పి నాడి పట్టుకుంది. కాసేపటికి లోసేలి కళ్లు తెరిచింది.

“ఏమైంది దీనికి?” అంది సిసీలియా.

“గుండెను ఉరికించే నరాలు వేరు, కళ్లెం వేసే నరాలు వేరు. కడుపుతో ఉన్నప్పుడు ఆ కళ్లెం కాస్త వదులవుతుంది. రక్తనాళాలూ సాగుతాయి. ఎక్కువసేపు నిలబెడితే నెత్తురంతా కాళ్లలోకి దిగిపోతుంది, గుండె ఎంత పరిగెత్తినా తలకు అందదు. ఇంతకీ ఈ పిల్లని కూర్చోనివ్వంది ఎవరు?”

గుమ్మంలో నవ్వినవాళ్లు పక్కచూపులు చూశారు. సిసీలియా వంగి మరదలి మీది చాప సర్దింది.

ఆసుపత్రిలో చూపించారు. బిడ్డ క్షేమం. సాయంత్రం సిసీలియా కొబ్బరిపాలలో ఉడికిన చామాకు పొట్లాలు పట్టుకుని తమ్ముడింటికి వెళ్లింది. ఆమెను చూడగానే లోసేలి మర్యాదకు మంచం మీంచి చటాలున లేవబోయి తూలింది.

“లేవకు!” ఆ మాట కూడా కసిరినట్టే వచ్చింది. సిసీలియా సిగ్గుతో చితికిపోయి నేల మీద చతికిలబడింది.

“అయ్యో వదినా, నేను పైన ఉండగా ఆడపడుచు మీరు కింద కూర్చోకూడదు! పైకి రండి.”

“నా మోకాళ్లతో మళ్లీ లేవడం నా వల్ల కాదులే. నాటకాలన్నాను కదే నిన్ను, అందరిలో...”

గౌను తడిసిన సంగతి తలుచుకుని లోసేలి కూడా ముఖం తిప్పుకుంది. ఒకరి కళ్లలోకి ఒకరు చూడలేక, పొట్లాలు విప్పి తినడం మొదలుపెట్టారు.