జేబులో తాళంచెవి

అరవై దగ్గర పడ్డాక మార్లిస్ టోలెఫ్సన్‌కి స్పానిష్ నేర్చుకోవాలన్న బుద్ధి పుట్టింది. మా విస్కాన్సిన్ పాడి రైతులకి ఈ బుద్ధి పుట్టడం కొత్తేమీ కాదు. పాలు పితికేవాళ్ళంతా మెక్సికో నుంచి వచ్చినవాళ్ళే. మాకేమో ఇంగ్లిష్, క్రిస్మస్‌కి ముసలమ్మలు పాడే రెండు నార్వే పాటలు తప్ప ఇంకో ముక్క రాదు. ఆ లోటుని సగం మంది రైతులు కేకలతో పూడ్చుకుంటారు. గట్టిగా అరిస్తే ఇంగ్లిష్ ఎవరికైనా అర్థమవుతుందని వాళ్ళ నమ్మకం. మార్లిస్ అరిచే మనిషి కాదు. నిజానికి ఆమెకి కావలసింది పని పురమాయించడం కూడా కాదు. తన పాకలో పాలు పితికే సెవేరోకి ఆమె ఒక మాట చెప్పాలి.

మూడేళ్ళ కిందట ఆమె భర్త ఆరిన్ పశువుల పాకలో, చేతిలో పార ఉండగానే, గుండె ఆగి పడిపోయాడు. అంత్యక్రియల వారమంతా మంచు తుఫాను. రెండో పనివాడు అంతకు ముందే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. చర్చి నుంచి వచ్చిన మార్లిస్‌కి పాకవైపు వెళ్ళాలంటే కాళ్ళు రాలేదు. పొదుగులు బిగిసిపోయి ఆవులు గోల పెడుతుంటాయనుకుంది. తీరా వెళ్తే ఒక్క అరుపు లేదు. మందంతా పితికి ఉంది. కింద పొడి రంపంపొట్టు పరిచి ఉంది. ఆరిన్ రబ్బరు బూట్లు కడిగి గుమ్మం పక్కన బోర్లించి ఉన్నాయి. సెవేరో బకెట్ మీద కూర్చుని, గోడకి తల ఆనించి నిద్రపోతున్నాడు.

ఆమె అలికిడికి ఉలిక్కిపడి లేచాడు. ఆమె "థాంక్యూ" అంది. అతను టోపీ తీసి "సీ, సెన్యోరా" అన్నాడు. అవునమ్మగారూ, అని. ఆమె ఏమన్నా అతను అనేది ఆ ఒక్క మాటే. తన కడుపులో ఉన్నదానిలో వీసమెత్తు కూడా అతనికి చేరలేదని మార్లిస్‌కి తెలుసు. ఆ మాట ఆమె దగ్గర అలాగే ఉండిపోయింది.

మాటలు లేవు కదా అని పని ఆగలేదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించేది. ఏ ఆవు తన్నుతుందో చెప్పాలంటే తనే ఒంటికాలి మీద నిలబడి గాల్లోకి తన్నేది. ఈనబోయే ఆవు సంగతి చెప్పాలంటే నడుం పట్టుకుని మూలిగేది. సెవేరో కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వి, అదంతా మళ్ళీ చేసి చూపించేవాడు. తప్పు చేస్తే ఆమె తల అడ్డంగా ఊపేది, మళ్ళీ మొదటి నుంచి ఆడేవాళ్ళు. వయసు మళ్ళిన విధవరాలూ, మెక్సికో కొండల నుంచి వచ్చిన ఆ మనిషీ పాకలో కోతుల్లా గంతులేయడం చూసి, పాల లారీ డ్రైవరు ఊరంతా చెప్పి నవ్వాడు. ఆ మూడేళ్ళలో ఆ పాకలో ఒక్క పని చెడలేదు.

పితికేటప్పుడు సెవేరో ఆవులతో సన్నని గొంతుతో ఏదో చెప్తూ ఉండేవాడు. మెత్తగా, బుజ్జగిస్తున్నట్టు. ఎంత మొండి ఆవైనా ఆ గొంతుకి చెవులు వాల్చేసేది. ఆ మాటలేమిటో తెలుసుకోవాలని మార్లిస్‌కి మహా కోరిక. కాస్త స్పానిష్ వస్తే అదీ తెలుస్తుంది, తన మాటా చెప్పొచ్చు అనుకుంది. అందుకే చర్చి కింది హాల్లో మంగళవారాలు, ఉదయం పితుకుడుకీ సాయంత్రం పితుకుడుకీ మధ్య జరిగే క్లాసులో చేరింది.

రైతులకీ ఫ్యాక్టరీ మేస్త్రీలకీ పెట్టిన క్లాసు అది. నేర్పేదంతా పురమాయింపులే. తీసుకురా, కడుగు, ఎత్తు, త్వరగా, అలా కాదు, రేపు పొద్దున్నే. మనిషితో మనిషి మాట్లాడే మాటలు పుస్తకం చివర్లో ఉన్నాయట, అంతదాకా వెళ్ళిన రైతుని మాత్రం నేనింతవరకు చూడలేదు. చెప్పే ఆవిడ గ్రిసెల్దా. మెక్సికోలోని ప్వెబ్లా నుంచి వచ్చి, ఇక్కడి చీజ్ ఫ్యాక్టరీ మనిషిని పెళ్ళి చేసుకుని స్థిరపడింది. మొదటి రోజే ఒక సంగతి ఖచ్చితంగా చెప్పింది.

"మీరు ఏం చెప్పినా వాళ్ళు సీ అంటారు. అర్థమైందని కాదు. అర్థం కాలేదనడం మర్యాద కాదని, పైగా పని పోతుందేమోనన్న భయం. సీ అన్నాడు కదా అని వెనక్కి తిరిగి వచ్చేయకండి. చేసి చూపించమనండి."

"మా ఆవిడ దగ్గర నేనూ అంతే," అన్నాడు వెనక బెంచీలోంచి డ్వేన్ క్వాల్‌హైమ్. మార్లిస్ పొరుగు రైతు, నోటికి హద్దూ అదుపూ లేని మనిషి. "ఆవిడ చెప్పడం అవ్వకముందే అవునంటా. ఇరవై ఏళ్ళ నుంచి కొంప నిలబడింది."

అందరూ నవ్వారు. మార్లిస్ కూడా నవ్వింది.

చలికాలం వచ్చేసరికి ఆమెకి నాలుగు ముక్కలు పట్టుబడ్డాయి. ముక్కలు పట్టుబడటంతో పాటు కొంచెం తలకీ ఎక్కింది. ఇదివరకు పాక ఆ చివరిదాకా నడిచి వెళ్ళి చూపించేది, ఇప్పుడు గుమ్మంలోంచే చెప్పేసేది. చెప్పగానే "సీ, సెన్యోరా" అని వినపడేది. ఆ మాట వినపడితే ఆమెకి ప్రాణం లేచొచ్చేది. ఇన్నాళ్ళకి మేమిద్దరం మాట్లాడుకుంటున్నాం అనుకునేది. సెవేరో నవ్వడం తగ్గిందని ఆమె గమనించలేదు. ఇదివరకు అతని ముఖం చూసేది, ఇప్పుడు తన స్పానిష్ తనే వింటోంది. అతను ఆవులతో చెప్పే మాటల్లో మాత్రం ఇంకా ఒక్కటీ దొరకలేదు. నా బుర్రకి వయసైపోయింది, ఇంకా నేర్చుకోవాలి అని సర్దుకుంది.

చివరి క్లాసు రోజు తెల్లవారేసరికి దాణా కలిపే మిషన్ ఆగిపోయింది. గడ్డి మోపులకి కట్టే ప్లాస్టిక్ తాడు లోపల కత్తులకి చుట్టుకుని గడ్డకట్టింది. అది ఆరిన్ నాటి మిషన్, దాన్ని తిప్పే ట్రాక్టరూ అంత పాతదే. ట్రాక్టరు స్టార్ట్ చేస్తే చాలు, వెనక కత్తులు తిరిగేవి. మార్లిస్ ఎప్పుడూ సెవేరోని దాని జోలికి రానివ్వలేదు, తనే చూసుకునేది. ఆ రోజు మాత్రం ఒంటి మీద చర్చికి వేసుకునే కోటు ఉంది. చేతిలో క్లాసు విందుకి ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంపల కాసరోల్ వేడివేడిగా ఉంది. అప్పటికే ఆలస్యమైంది.

మా వైపు ప్రతి పాకలోనూ ఒక కట్టుబాటు ఉంది. పిల్లలకి అక్షరాల కన్నా ముందు అది నేర్పుతాం. మిషన్‌లో చెయ్యి పెట్టేవాడు ట్రాక్టరు తాళంచెవి తీసి తన జేబులో వేసుకోవాలి. ట్రాక్టరుకి తాళంచెవి ఉందంటే మిషన్‌లో మనిషి లేడని అర్థం. ఎవరూ ఎవర్నీ పిలిచి అడగరు, తాళంచెవిని చూస్తారు.

మార్లిస్ ఇంటి మెట్ల మీదే నిలబడి స్పానిష్‌లో చెప్పింది. ముందు ఆపు. తాళంచెవి. తరవాత శుభ్రం చెయ్యి. జాగ్రత్త. జేబు అన్న మాట క్లాసులో రాలేదు. కిందికి దిగి, తాళంచెవి తీసి, అతని జేబులో పడేసి, పైనుంచి రెండు సార్లు తట్టి ఉంటే సరిపోయేది. మూడేళ్ళూ ఆమె ఏ పనైనా చెప్పింది అలా చేసి చూపించే కదా! కానీ కింద పేడ, మీద మంచి కోటు.

"సీ, సెన్యోరా," అన్నాడు సెవేరో.

విందులో ఆమె ఈ సంగతి చెప్పుకోకుండా ఉండలేకపోయింది.

"పొద్దున్న పని మొత్తం స్పానిష్‌లోనే అప్పజెప్పానండీ. చెయ్యి కూడా ఊపలేదు."

"ఓరి దేవుడో! ఇంకేం, మార్లిస్‌ని రాయబారిగా పంపించేయొచ్చు," అన్నాడు డ్వేన్. "మా పనివాడికి నేను స్పానిష్‌లో చెప్తుంటే, దయచేసి ఇంగ్లిష్‌లో తిట్టండి బాబూ అంటున్నాడు."

హాలంతా చప్పట్లు కొట్టింది. గ్రిసెల్దా మాత్రం కొట్టలేదు.

"అతనేమన్నాడు మార్లిస్?"

"సీ అన్నాడు."

"చేసి చూపించమన్నావా?"

"అబ్బ, వాడు మా సెవేరో! నాకు తెలీదా?" అంది మార్లిస్. అతని కోసం ఒక ప్లేటులో చాక్లెట్ కేకు ముక్కలు సర్ది, పైన అల్యూమినియం రేకు కప్పి బయల్దేరింది.

ఇంటికి వచ్చేసరికి ఆవులు ఆకలికి ఒకటే గోల. పాకలో సెవేరో లేడు. భోజనానికి వెళ్ళి ఉంటాడనుకుంది. ట్రాక్టరు ఎక్కింది. అద్దాలన్నీ మంచు పట్టి తెల్లగా ఉన్నాయి. తాళంచెవి ట్రాక్టరుకే ఉంది. హమ్మయ్య, పని అయిపోయింది అనుకుంది. కేకు ప్లేటు పక్కన పెట్టి, తాళంచెవి తిప్పింది.

ఆ అరుపు ఆవుదనుకుంది మొదట.

ఆపేసి దూకి, మిషన్ అవతలి పక్కకి పరిగెత్తింది. సెవేరో దాణా వచ్చే తలుపులో భుజం దాకా ఇరుక్కుని వేలాడుతున్నాడు. కింద మంచులో అతను పొద్దుటి నుంచీ ఒక్కొక్కటిగా కోసి పడేసిన తాడు ముక్కలు కుప్పగా ఉన్నాయి. ఆమె తన స్కార్ఫుతో అతని చేతిని బిగించి కట్టింది, అంబులెన్సుకి ఫోన్ చేసింది, వాళ్ళు వచ్చేదాకా అతన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ మంచి కోటు ఇక దేనికీ పనికిరాకుండా పోయింది. అతని కళ్ళు తేలిపోతుంటే నోటికొచ్చిన స్పానిష్ అంతా మాట్లాడింది. ఆమె నోటికొచ్చినవి ఎత్తు, కడుగు, త్వరగా, రేపు.

కుడిచెయ్యి మోచేతి పై నుంచి తీసేశారు.

మార్లిస్ గ్రిసెల్దాకి ఫోన్ చేసింది. "తప్పు నాది, నన్ను క్షమించు. ఇది ఎలా అనాలి?" గ్రిసెల్దా చెప్పింది. ఏడుస్తూనే చెప్పింది. మార్లిస్ ఆ రెండు ముక్కలు పాలు పితుకుతూ, పేడ ఎత్తుతూ, అన్నం ముందు కూర్చుని మననం చేసింది. ఇన్ని నెలలూ కష్టపడి ఏ మాట కోసం నేర్చుకుందో ఆ మాట మూలకి పోయింది. కృతజ్ఞత చెప్పుకోవాలని మొదలుపెట్టిన చదువు క్షమాపణకి పనికొచ్చింది.

చూడనిచ్చిన రోజు వార్డు బయట ఆసుపత్రి దుబాసీ అమ్మాయి కనిపించింది.

"మీరు లోపలికి వెళ్ళండమ్మా. నేనొచ్చి లాభం లేదు."

"అదేంటి?"

"అతనిది స్పానిష్ కాదు కదండీ. కొండల్లోవాళ్ళు, నావాట్ల్ అని అక్కడి ఆదివాసీల భాష మాట్లాడతారు. స్పానిష్ అతనికీ మీకు వచ్చినంతే వచ్చు. నేను ఏం అడిగినా సీ అంటాడు. ఆ భాష తెలిసినవాళ్ళ కోసం వెతుకుతున్నాం, ఎప్పటికి దొరుకుతారో మరి."

మార్లిస్‌కి ఆవులతో అతను చెప్పే మాటలు గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటి కూడా అర్థం కాక తన బుర్రని తిట్టుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. ఇద్దరూ ఇద్దరికీ రాని భాషలో ఒకరికొకరు మర్యాదలు చేసుకున్నారు ఇన్నాళ్ళూ.

లోపల సెవేరో దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. ఆమెని చూడగానే ముఖం వెలిగింది. మిగిలిన ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టుకుని, కళ్ళకి అద్దుకున్నంత పని చేశాడు. "గ్రాసియాస్, సెన్యోరా," అన్నాడు. ధన్యవాదాలు అని. మళ్ళీ అన్నాడు. ఆమె మెడ వైపు చూపించాడు, స్కార్ఫు కట్టుకునే చోట. నువ్వే కట్టావు, నువ్వే బతికించావు అని.

అతనికి తెలియదు. మిషన్ దానంతటదే తిరిగిందనుకుంటున్నాడు, లేకపోతే తనే సరిగ్గా ఆపలేదనుకుంటున్నాడు. ఆ సంగతి అర్థమైన క్షణంలో మార్లిస్‌కి అక్కడి నుంచి పారిపోవాలనిపించింది. పారిపోయినా అడిగేవాళ్ళు లేరు. కానీ ఆమె అలాంటి మనిషి కాదు. మననం చేసుకొచ్చిన రెండు ముక్కలు ఒక్క పొల్లు పోకుండా చెప్పింది. తప్పు నాది. నన్ను క్షమించు.

"సీ, సెన్యోరా," అన్నాడు సెవేరో. ఆ రోజు మెట్ల కింద నిలబడి అన్న మాటే, ఆ ముఖమే.

అదే క్షమ అనుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు. సీ అన్నాడు కదా. వేరేవాళ్ళయితే వెళ్ళిపోయేవాళ్ళేమో, నేనైతే వెళ్ళిపోయేవాణ్ణి. మార్లిస్ తన చెయ్యి విడిపించుకుని మంచం ముందు నిలబడింది. పాత రోజుల్లోలాగా. ట్రాక్టరు మెట్టు ఎక్కుతున్నట్టు కాలు ఎత్తింది. సీట్లో కూర్చున్నట్టు వంగింది. సెవేరో అలవాటుకొద్దీ నవ్వడం మొదలుపెట్టాడు. ఆమె వేళ్ళతో గుండె మీద కొట్టుకుంది, నేను అని. తరవాత ఆ చెయ్యే చాచి, గాల్లో తాళంచెవి తిప్పింది.

అతని నవ్వు ఆగిపోయింది. ఆమె చేతిని చూశాడు, లేని తన చేతిని చూశాడు, మళ్ళీ ఆమె ముఖం చూశాడు. మొత్తం అర్థమైంది అతనికి. ఆమె చూపించింది ఏదీ అతనికి అర్థం కాకపోవడం ఎప్పుడూ లేదు.

ఈసారి అతను సీ అనలేదు. గోడవైపు తిరిగి, ఆవులతో మాట్లాడే భాషలో చాలాసేపు ఏదో చెప్పాడు. మార్లిస్ నిలబడి అంతా వింది. అది తిట్టో, ఏడుపో, క్షమో ఆమెకి తెలియలేదు. చెప్పడం అయ్యాక కూడా అతను ఇటు తిరగలేదు. కాసేపటికి నర్సు వచ్చి టైమైపోయిందని చెప్పింది.