సాకకు మట్టి లేదు

మరిపెడ రోడ్డు మీద కొత్తగా వెలిసిన పల్లె హోటల్లోకి సాంబయ్య చెప్పులు విడిచి వెళ్లాడు. విడవకుండా ఉండాల్సింది. ఎవరో నమిలి ఊసిన మిరపకాయ తొక్క అరికాలికి అంటుకుంది.

నిరుడు దాకా ఇక్కడ కల్లు మండువా, అదే కల్లు దుకాణం, ఉండేది. ఆయన భార్య భద్రమ్మ ముప్పై ఏళ్లు అందులో మేక పేగులు, అదే బోటి, వండి అమ్మింది. ఆమె పోయి ఇవాళ్టికి ఏడాది. ఆమె పొయ్యి ఉన్నచోట మట్టిలో నాలుగు చుక్కల కల్లు సాక పోయాలని వచ్చాడు. పోయినవాళ్లకు పోయందే ఉన్నవాళ్లు తాగకూడదు. మండువా రివాజు అది.

హోటల్ యజమాని మధు ఎదురొచ్చాడు. భద్రమ్మ చేతి బోటి తిని పెరిగినవాడే.

"రా కాకా! అంతా పాత పద్ధతే. తాటాకు పందిరి, రేకలల్ల కల్లు!"

పందిరి ప్లాస్టిక్‌ది. తాటాకు దొన్నె కావాల్సిన రేకా ప్లాస్టిక్‌దే. ఆకు ఈనెలు అచ్చు గుద్దారు. బోటి నోట్లో పెట్టుకుంటే పెంటికల కంపు. భద్రమ్మ సున్నం వేసి, వేడినీళ్లతో ఏడుసార్లు కడిగేది. వీళ్లు ఒకసారి తడిపి మసాలాలో పాతిపెట్టారు. పళ్లెంలోనే ఉమ్మేశాడు.

"జర మెల్లగ కాకా, కస్టమర్లున్నరు."

"వాళ్లకు ముక్కులు లెవ్వా?"

రేక పట్టుకుని లేచాడు. భద్రమ్మ పొయ్యి ఉన్న మూలన ఇప్పుడు చేతులు కడుక్కునే తొట్టి. దాని కింద గచ్చు మీదే నాలుగు చుక్కలు పోశాడు.

"తాగు, భద్రమ్మా."

ఊడ్చే మనిషి యమున ఫినాయిల్ గుడ్డతో ఉరికొచ్చింది. "అయ్యో పెద్దయ్యా, ఒలికిందా? జరుగు, తుడుస్త."

ఆయన నోరు తెరిచేలోగా తుడిచేసింది.

మధు నాలుక కరుచుకున్నాడు. "అది సాక, యమునక్కా! పోనియ్ కాకా, ఆ పూలకుండీల పోయ్. మట్టే గదా."

కుండీలో సిగరెట్ పీకలు, చీకి పారేసిన బొక్కలు.

"మీ అవ్వకు గిండ్ల పోస్తవారా?"



సాంబయ్య బయటికి నడిచాడు. రోడ్డు దాకా సిమెంటే. గోడ వెనక ఒక్కచోట మట్టి కనిపించింది. గిన్నెలు కడిగిన జిడ్డునీళ్లలో అది కుళ్లుతోంది. పేగు ముక్కల మీద ఈగలు ముసురుతున్నాయి. ముక్కు మూసుకుని వెనక్కి వచ్చాడు. రేకను మధు బల్ల మీద పెట్టాడు.

"తాగవా, కాకా?"

"ఆమె తాగలే గదరా."

కాలి కింది తొక్కను మధు గుమ్మానికి రాసి, చెప్పులేసుకున్నాడు.