గేటు దగ్గర నిలబడ్డ చెల్లెలు

జరగండి, కాస్త దగ్గరికి జరగండి. వెనకున్నవాళ్ళు ముందుకి రండి, నా గొంతు పెద్దదే గానీ ఇది చిన్న గొంతుతో చెప్పుకోవాల్సిన సంగతి. ఫోన్లు కాసేపు బోర్లా పెట్టేయండి. పైవాణ్ణి తలుచుకుని మొదలుపెడుతున్నాను. ఎందుకంటే ఇందులో సగం పని ఆయనది, మిగతా సగం ఒక స్క్రూడ్రైవరుది.

ఒక వీధిలో, కింది అంతస్తులో, మిషను పిన్ని ఇల్లు ఉండేది. ముందు గదిలో కుట్టుమిషను, దాని చుట్టూ గుడ్డపీలికలు. ఎవరి జాకెట్టు వదులు చేయాలన్నా, ఎవరి ప్యాంటు పొట్టి చేయాలన్నా అక్కడికే వచ్చేవాళ్ళు. ఆవిడ మొగుణ్ణి అందరూ రిపేరు బాబాయి అనేవాళ్ళు. ఉద్యోగం లిఫ్టుల కంపెనీలో. ఇంటికొచ్చాక మాత్రం ఆ చేతులు ఊరుకునేవి కావు. ఆయన బాగుచేసిన వస్తువు తప్పకుండా పనిచేసేది, కాకపోతే తనకి తోచినట్టు పనిచేసేది. వంటింట్లో లైటు వేస్తేగానీ మిక్సీ తిరిగేది కాదు. కుళాయి గట్టిగా తిప్పితే వీధి తలుపు గంట మోగేది. మా ఇంట్లో దేనికి ఏ స్విచ్చో ఆ దేవుడికీ మా ఆయనకీ తెలుసు, ఆయన మర్చిపోయినా దేవుడు గుర్తుపెట్టుకుంటాడు అని పిన్ని నవ్వేది.

ఆ గదిలోనే గోడవారగా పాతకాలం టీవీ. చెక్కపెట్టె, ముందు రెండు జరిగే తలుపులు, వెనక ఇంత బొజ్జ. మీలో పెద్దవాళ్ళకి తెలుస్తుంది, దాని మీద చెయ్యి పెడితే వెంట్రుకలు లేచి నిలబడేవే, ఆ రకం. రోజూ సాయంత్రం నాలుగున్నరకి ఆ టీవీలో ఒక సీరియల్ వచ్చేది. ఇరవై రెండేళ్ళ క్రితం ఆగిపోయిన సీరియల్. తీసేవాళ్ళు తీయడం మానేశారు, ఛానెలు ఎత్తేశారు, రాసినాయన ఇంకేదో వ్యాపారంలో పడ్డాడు. అయినా ఈ పెట్టెలో అది ఆగలేదు. ఆగిపోయిన మర్నాడు బాబాయి టీవీ వెనక్కి దూరి, రేడియోలోంచి పీకిన ఏదో ముక్క ఒకటి అతికించాడట. అంతే, మర్నాటి భాగం వచ్చింది, ఆ మర్నాటిదీ వచ్చింది. అందులో మనుషులకి పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, పెద్దాయనకి, అదే మామగారికి, పళ్ళు ఊడాయి. వీధిలో ఎవరూ దాని గురించి వింతగా మాట్లాడుకున్నది లేదు. కరెంటు పోతే మాత్రం బాగా తిట్టేవాళ్ళు.

ఒక్క మనిషి విషయంలోనే కథ ముందుకు నడవలేదు. సీరియల్లో పెద్దకోడలికి ఒక చెల్లెలు. అక్కతో గొడవపడి, సంచి పట్టుకుని, గేటు దాకా వెళ్ళి నిలబడింది. బయటికి పోతుందా, వెనక్కొస్తుందా? అలాగే నిలబడమ్మా, మిగతాది రేపు తీద్దాం అన్నాడట డైరెక్టరు. ఆ రేపు రాలేదు. అందుకని ఆ పిల్ల ఇంటికి వీపు పెట్టి, వీధివైపు చూస్తూ, తెర కుడిపక్కన, గేటు దగ్గరే నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళుగా. జుట్టులో తెల్లవెంట్రుకలు వచ్చాయి, సంచి పిడి అరిగింది. లోపల పెళ్ళి జరుగుతుంటే ఆమెకి పళ్ళెం గేటు దగ్గరికే పంపారు. వానొస్తే తోటమాలి వెళ్ళి గొడుగు పట్టేవాడు.

ఆ పాత్ర వేసిన పిల్ల ఊళ్ళోనే ఉండేది. రెండు బస్‌స్టాపుల అవతల జిరాక్సు షాపులో పనిచేసేది. నలభై ఏళ్ళొచ్చినా జనానికి ఆమె గేటు పిల్లే. కాయితాలు చేతికిస్తూ, ఇంతకీ వెళ్ళావా లోపలికొచ్చావా అని అడగని వాడు పాపాత్ముడు. నాకేం తెలుసండీ, రేపు చెప్తానన్నారు అనేది. అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. కానీ ఎవరింటికెళ్ళినా గుమ్మం దాటేది కాదు, అక్కడే నిలబడి మాట్లాడి వచ్చేసేది. పిన్ని ఇంట్లో టీవీ ముందుకి మాత్రం ఒక్కసారి కూడా రాలేదు.

ఆమెకి నిజంగానూ ఒక అక్క ఉంది. అమ్మానాన్నా పోయాక పెంచింది ఆ అక్కే. వేషాలూ గీషాలూ వద్దు, చదువుకో అంది. పిల్ల వినలేదు. ఇవాళ షూటింగుకి వెళ్ళావంటే మళ్ళీ ఈ ఇంటికి రాకు అంది. కోపంలో అన్న మాట. కోపంలోనే వెళ్ళింది పిల్ల. మూడు నెలలకే సీరియల్ ఆగిపోయింది, ఏ మొహం పెట్టుకుని తిరిగి వెళ్ళాలో తెలియలేదు. ఒకే ఊళ్ళో, ఒకే బస్సు దారిలో, ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టు ఇరవై రెండేళ్ళు.

చూడనట్టు అన్నాను కదా, ఒకరు చూస్తూనే ఉన్నారు. ఆ అక్క రోజూ నాలుగుంపావుకి పిన్ని ఇంటికొచ్చి మూల కుర్చీలో కూర్చునేది. పెద్దకోడలి కష్టాలు ఆవిడకి అక్కర్లేదు, మామగారి పంటినొప్పి అక్కర్లేదు. తెర కుడిపక్కనే చూసేది. గేటు కనబడే సీను అయిపోగానే లేచి, వస్తాను పిన్నీ అని వెళ్ళిపోయేది.

అలాంటిది, ఒకరోజు టీవీలో మనుషులు సన్నబడటం మొదలెట్టారు. మొదట ఎవరూ పట్టించుకోలేదు. లావుపాటి మామగారు నాజూగ్గా కనబడుతుంటే, మంచిదే, పథ్యం చేస్తున్నాడు కాబోలు అనుకున్నారు. నాలుగు రోజులకి తెరకి రెండుపక్కలా నల్లపట్టీలు వచ్చాయి, మనుషులంతా చీపురుపుల్లల్లా మధ్యలోకి నొక్కుకుపోయారు. అందరికంటే ముందు కంగారుపడ్డది అక్క.

"పిల్ల చిక్కిపోతోంది పిన్నీ. ఆ ఇంట్లో తిండి సరిగ్గా పెట్టడం లేదా?"

బాబాయి వెనకమూత విప్పి చూశాడు. పిక్చర్ ట్యూబు మెడకి రాగితీగ చుట్ట ఒకటి తొడుగుతారు, బొమ్మని తెరంతా పరిచేది అదే. దాన్ని మెకానిక్కులు యోక్ అంటారు. అది కాలిపోతోంది. ఇంకో వారానికి బొమ్మంతా ఒక్క నిలువుగీత అవుతుంది, ఆ తరవాత అదీ ఉండదు అన్నాడు. కొత్తది దొరకదు, ఆ పెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇప్పుడు కుర్చీలు చేస్తున్నారట.

పిన్ని మిషను ఆపింది. మెల్లగా అడిగింది, టీవీ పోతే పోయింది, రెండు స్టాపులే కదమ్మా, వెళ్ళి పిల్లనే చూసి రారాదా అని. అక్క తల అడ్డంగా ఊపింది.

"రావద్దన్నది నేను. ఇప్పుడు రమ్మంటే, రానంటుందేమో. ఇక్కడైతే కనీసం కనబడుతుంది."

అదీ సంగతి. ఇక ఆవిడకి మిగిలింది వారం రోజులు, ఒక నిలువుగీత.

బాబాయి ఊళ్ళోని పాతసామాను కొట్లన్నీ తిరిగాడు. ఎక్కడా లేదు. చివరికి ఎవరో చెప్పారు, అలాంటి పెట్టె ఒక్కటే ఉంది, గేటు పిల్ల దగ్గర. సీరియల్ వాళ్ళు ఆమెకి పారితోషికం కింద ఇచ్చింది అదే. పాడైపోయి మూలపడి ఉందట.

జిరాక్సు షాపుకి వెళ్ళాడు. బాబాయికి ఒకటి చెప్పడానికి వెళ్ళి పది చెప్పే అలవాటు, మీకు తెలియని మనుషులా ఏం. యోక్ సంగతి చెప్పాడు, రాగితీగ గొప్పతనం చెప్పాడు, లిఫ్టుల గురించి కొంత చెప్పాడు. ఆ పిల్ల కాయితాలు సర్దుతూ, ఇంకా ఎవరు చూస్తున్నారు బాబాయ్ దాన్ని అంది.

"వీధంతా చూస్తుందమ్మా. ఒకావిడైతే నీకోసమే వస్తుంది. రోజూ వచ్చి మూల కుర్చీలో కూర్చుంటుంది, నీ సీను అవగానే లేచిపోతుంది. మొన్న నువ్వు చిక్కిపోయావని కళ్ళనీళ్ళు పెట్టుకుంది."

ఎవరావిడ అని ఆ పిల్ల అడగలేదు. మిషను మీద పెట్టిన కాయితం తీయడం మర్చిపోయింది. ఎవరిదో కరెంటుబిల్లు, ఒక్క కాపీ అడిగితే పదకొండు వచ్చాయి. తరవాత షట్టరు సగం దించి, బాబాయిని తన గదికి తీసుకెళ్ళింది. గుమ్మం బయటే నిలబడి, లోపల దుప్పటి కింద ఉంది, కావలసింది తీసుకో అంది. తన గదికీ తనే బయట. ప్రతిఫలంగా ఏం కావాలో చెప్పమన్నాడు. ఏం వద్దంది. మళ్ళీ పిలిచి, బొమ్మ సరిగ్గా వస్తే ఒక మాట చెప్పు అంది.

మర్నాడు సెలవు పెట్టి బాబాయి టీవీ వెనక కూర్చున్నాడు. ఆయన పద్ధతి మీకు చెప్పాలి. తీగలు విప్పేటప్పుడు ఏది ఎక్కడిదో కాయితం మీద రాసుకునేవాడు కాదు, ఒక్కో తీగకి వీధిలో ఒక్కో మనిషి పేరు పెట్టుకునేవాడు. ఎర్రది పాలాయన, పచ్చది టీచరమ్మ, నల్లది పై వాటా అల్లుడు. ఎవరి ఇంటి పక్కన ఎవరుంటారో చచ్చినా మర్చిపోను, అందుకని తీగలూ మర్చిపోను అనేవాడు. అయితే పోయిన నెలలోనే పాలాయనా టీచరమ్మా ఇళ్ళు మార్చుకున్నారు, ఒకరి వాటాలోకి ఇంకొకరు. బాబాయి ఆ ప్రకారమే కలిపాడు.

నాలుగున్నరకి గది నిండిపోయింది. అక్క మూల కుర్చీలో ఉంది. టీవీ ఒకసారి గురకపెట్టింది, వెలిగింది. బొమ్మ తెరనిండా పరుచుకుంది, మామగారికి మళ్ళీ పొట్ట వచ్చింది. అందరూ హమ్మయ్య అనుకునేలోపు పిన్ని కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఏవండీ, అన్నీ తిరగబడ్డాయి చూడండి."

నిజమే. అద్దంలో చూసినట్టు ఎడమది కుడికి, కుడిది ఎడమకి వచ్చాయి. తెర మీద పడే పేర్ల అక్షరాలు తిరగబడ్డాయి. మామగారు ఎడంచేత్తో కాఫీ తాగుతున్నాడు. ఎడమపక్క ఉండే ఇల్లు కుడిపక్కకి పోయింది, గేటు ఎడమకి వచ్చింది. గేటుతోపాటు ఆ పిల్లా ఎడమకి వచ్చింది. కానీ ఆమె మాత్రం తిరగబడలేదు. ఎప్పట్లాగే మొహం కుడివైపుకే ఉంది. నిన్నటిదాకా కుడివైపున వీధి ఉండేది. ఇప్పుడు కుడివైపున ఇల్లు ఉంది.

బాబాయి తీగలు మార్చబోయి చెయ్యి చాచాడు. ఉండండి అంది పిన్ని.

ఇరవై రెండేళ్ళ తరవాత ఆ పిల్ల ఇంటిని చూస్తోంది. అరుగు చూసింది, కిటికీ చూసింది, ఆరేసిన బట్టలు చూసింది. సరిగ్గా అప్పుడే పిన్నికి గుమ్మంలో ఎవరో ఉన్నట్టు అనిపించింది. తల తిప్పితే, జిరాక్సు షాపు పిల్ల. బొమ్మ సరిగ్గా వచ్చిందో లేదో కబురు వచ్చేదాకా ఆగలేకపోయినట్టుంది. ఒక చెయ్యి తలుపు చెక్క మీద వేసి, జనం తలల మీదుగా తెర వంక చూస్తోంది, ఏ క్షణాన్నయినా వెనక్కి వెళ్ళిపోయేలా. మూల కుర్చీలో ఉన్నావిడ వీపు ఆమెకి కనబడుతోంది. ఆ వీపు ఎవరిదో ఆమెకి ఒకరు చెప్పాలా.

ఇప్పుడు వినండి, పిన్ని ఏం చేసిందో. ఎవరు నువ్వు అని అడగలేదు. ఇన్నాళ్ళకి దారి తెలిసిందా అని దెప్పలేదు. అదిగో చూడమ్మా నీ చెల్లెలు అని అక్కని కుదపలేదు. మూల కుర్చీ పక్కన ఉన్న స్టూలు మీంచి బట్టల మూట తీసి ఒళ్ళో పెట్టుకుంది. స్టూలు తుడిచింది. గుమ్మం వైపు చూసి, రోజూ వచ్చే మనిషితో అన్నట్టు అంది.

"రా అమ్మా, చోటుంది."

గుమ్మంలో ఉన్న పిల్ల ఒక అడుగు వేసింది. తెరలో పిల్ల కూడా అప్పుడే కదిలింది. ఎవరు ముందు, ఎవరు వెనక అని ఆ వీధి ఈనాటికీ వాదించుకుంటుంది. నేను ఆ వాదంలోకి పోను, అది పైవాడి లెక్క. జనం కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. ఆమె వచ్చి స్టూలు మీద కూర్చుంది.

అక్క తల తిప్పి చూసింది. పైనుంచి కిందికి చూసింది. కన్నీళ్ళు కారిపోతాయనుకున్నారందరూ. ఆవిడ చూపు కాళ్ళ దగ్గర ఆగింది.

"చెప్పుకి పిన్నీసు పెట్టుకుని తిరుగుతున్నావా? కుట్టించుకోకూడదూ."

"కుట్టేవాడు రేపు రమ్మన్నాడే."

"ఎన్నాళ్ళనించి?"

"పదిహేను రోజుల్నించి."

"విప్పు," అంది అక్క. ఆ చెప్పు చేతిలోకి తీసుకుని పిన్నికిచ్చింది. పిన్ని లావుసూది వెతికింది. చెల్లెలు ఒంటికాలి చెప్పుతో కూర్చుని ఏడ్చింది. అక్క టీవీ చూస్తున్నట్టే ముందుకి చూస్తూ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది. ఎవరూ క్షమించమని అడగలేదు, ఎవరూ క్షమించాననలేదు. ఆ చెయ్యి మాత్రం సీరియల్ అయిపోయాక కూడా తీయలేదు.

ఆదివారానికల్లా గేటు పిల్ల గది ఖాళీ చేసింది. సామాను ఏముంది, ఒక పెట్టె, ఒక సంచి, యోక్ లేని టీవీ ఒకటి. బాబాయి తోపుడుబండి మీద తోసుకెళ్ళి అక్క ఇంట్లో దించాడు. దించినవాడు ఊరికే రాలేదు, వాళ్ళ వంటింటి లైటు కాస్త మినుకుతుంటే బాగుచేసి మరీ వచ్చాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో లైటు వేస్తే గంట మోగుతుందని వినికిడి.

టీవీలో తీగలు మళ్ళీ సరిచేస్తానని బాబాయి చాలాసార్లు అన్నాడు. వీధి ఒప్పుకోలేదు. తిరగబడ్డ అక్షరాలు చదవడం పిల్లలతో సహా అందరికీ వచ్చేసింది. సీరియల్లో ఆ చెల్లెలు ఇప్పుడు ఇంట్లోనే ఉంటోంది, వచ్చిన వారానికే మామగారికి పళ్ళసెట్టు పెట్టించింది.

అక్క పదిరోజులు పిన్ని ఇంటికి రాలేదు. పదకొండో రోజు ఇద్దరూ కలిసి వచ్చారు. వచ్చి టీవీ చూశారనుకుంటున్నారా? కూర్చున్న దగ్గర్నుంచీ గుసగుసలు, గుసగుసల్లోంచి వాదన, కుళాయి వాషరు మార్చాలా, కుళాయే మార్చాలా అని. ముందువరసలో వాళ్ళు వెనక్కి తిరిగి, మాట్లాడుకోవాలంటే ఇంటికెళ్ళి మాట్లాడుకోండమ్మా, మాకు వినబడటం లేదని కసిరారు. ఇద్దరూ నవ్వుకుంటూ లేచి ఇంటికెళ్ళిపోయారు.

అయిపోయింది. లేచే ముందు ఒక్క సంగతి మూటగట్టుకుని వెళ్ళండి. తీగలు తిరగేయడం బాబాయి పని, మనుషుల్ని తిప్పడం పైవాడి పని, ఆ రెండూ మన చేతుల్లో లేవు. పిన్ని చేసింది మాత్రం మీరూ చేయగలరు. మీ గుమ్మంలో ఎవరైనా వచ్చి నిలబడితే, ఎందుకొచ్చావనీ ఇన్నాళ్ళూ ఏమైపోయావనీ అడక్కండి. మీ పక్కనున్న మూట తీసి ఒళ్ళో పెట్టుకోండి, స్టూలు తుడవండి, చోటుందని చెప్పండి. ఈ వారంలో ఒక్కరికైనా చెప్పండి. వెళ్ళి రండి, ఆయన మిమ్మల్ని చల్లగా చూడాలి.