చక్రం మీద చెయ్యి

నా నిద్ర కోసం మా ఆయన గోడగడియారం ఆపేశాడు. వంటింటి కుళాయి బొట్లు బొట్లుగా కారుతుంటే దాని మూతికి దారం కట్టి, నీళ్ళు చప్పుడు లేకుండా ఆ దారం వెంటే బకెట్లోకి జారేలా చేశాడు. మంచం కిర్రుమనకుండా కోళ్ళకి పాత సాక్సులు తొడిగాడు. రోజంతా గోడౌన్‌లో బస్తాలు మోసి వచ్చిన మనిషి, ఇంట్లో పిల్లిలా మునివేళ్ళ మీద నడిచేవాడు. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నేను తెల్లవార్లూ కళ్ళు తెరుచుకుని పడి ఉండేదాన్ని.

"ఇంకేం చెయ్యమంటావో చెప్పు. కావాలంటే ఊపిరి కూడా బిగబట్టుకుంటాను" అనేవాడు.

మంచివాడు. అందుకే, నన్ను భయపెడుతున్నది ఆ నిశ్శబ్దమేనని చెప్పడానికి నోరు రాలేదు.

మా అమ్మ ఇంట్లో బట్టలు కుట్టేది. కాలితో తొక్కే పాత మిషన్. నేను దాని బల్ల కిందే, అమ్మ కాళ్ళ పక్కన, పీలికల మూట మీద పడుకునేదాన్ని. మిషన్ నడుస్తున్నంతసేపూ మాకు ఏ భయమూ లేదు. నాన్న తాగి వచ్చిన రోజున మొట్టమొదట చేసే పని, చక్రం మీద చెయ్యి వేసి మిషన్ ఆపడం. చప్పుడు ఆగేది. అమ్మ పాదాలు పెడల్ మీంచి పైకి లేచేవి. ఆ తర్వాత జరిగిందంతా నేను బల్ల కింద నుంచి విన్నదే.

ఇప్పుడు అమ్మ లేదు. నాన్నా పోయి చాలా ఏళ్ళయింది. ఆ కబురు నా కలకి మాత్రం ఇంకా అందలేదు. కలలో దెబ్బలుండవు, తిట్లుండవు. చప్పుడు ఆగుతుంది, రెండు పాదాలు లేస్తాయి, అంతే. వీధి చివరిదాకా వినబడేలా అరుస్తూ లేస్తాను. డాక్టరమ్మ దగ్గరికి వెళ్తూనే ఉన్నాను. ఆవిడ కసరదు, తొందరపెట్టదు. "పాత దెబ్బమ్మా, నెమ్మదిగా తగ్గుతుంది. ఈలోగా నీకు దేంతో కాస్త ఊరటగా ఉంటుందో కనిపెట్టి, దాన్ని వదలకు" అంటుంది. నెమ్మదిగా అంటే ఎంత నెమ్మదో ఆవిడకీ తెలియదు.

మాకొక కూతురు, మూడేళ్ళది. ఒక్కచోట నిలవదని పిచ్చుక అని పిలుస్తాం. ఒక మధ్యాహ్నం దానికి అన్నం తినిపిస్తూ, కూర్చున్నచోటే కునుకు తీశాను. కళ్ళు తెరిచేసరికి గిన్నె నా ఒళ్ళో ఉంది, పిల్ల లేదు. వీధి తలుపు బార్లా తీసి ఉంది. చెప్పుల్లేకుండా పరుగెత్తాను. మలుపులో సైకిళ్ళు బాగుచేసే తాత దాన్ని చంకనేసుకుని ఎదురొచ్చాడు.

"నడిరోడ్డు మీద నిలబడి లారీకి టాటా చెప్తోందమ్మా" అన్నాడు.

ఆ మాట వదిన చెవిన పడింది. వదినంటే మా ఆయనకి అక్క. తమ్ముణ్ణి తల్లిలా పెంచింది, ఆ పెత్తనం ఇంకా వదులుకోలేదు. పొద్దుగూకేలోగా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రాత్రుళ్ళు అరుపులు, పగలు కునికిపాట్లు. ఈసారి తాత ఎదురొచ్చాడు కాబట్టి సరిపోయింది. పిల్లని నేను తీసుకుపోతాను. నీకు నయమయ్యాక పంపిస్తాను."

"ఎప్పటికి నయమవుతుందో డాక్టరమ్మకే తెలియదు వదినా."

"నేననేదీ అదే."

మా ఆయన నేల చూపులు చూశాడు. "పోనీ, కొన్నాళ్ళు..." అన్నాడు.

వారం తిరిగేలోగా వస్తాను, దాని బట్టలు సర్ది ఉంచమని చెప్పి వదిన వెళ్ళిపోయింది. నన్నెవరూ అడగలేదు. అడిగినా ఏమనేదాన్నో. ఆవిడ మాటల్లో అబద్ధమేం లేదు మరి.

మర్నాడు మధ్యాహ్నం పిచ్చుకని ఎత్తుకుని కుట్టు షాపుకి వెళ్ళాను. ఆ షాపు వాళ్ళకి నేను ఇంటి దగ్గర గుండీలు కుట్టి, గౌన్లకి అంచులు మడిచి ఇస్తుంటాను. షాపు నడిపే ఆవిణ్ణి అందరూ కత్తెరక్క అంటారు. చేతిలో కత్తెర ఒక్కటే కారణం కాదు, నోరు దానికన్నా పదును. బళ్ళు తెరిచే రోజులు కావడంతో యూనిఫాంలు గుట్టలుగా పడి ఉన్నాయి. మూడు మిషన్లు ఒక్కసారే నడుస్తున్నాయి. "చూసుకో అక్కా" అని తెచ్చిన చొక్కాలు బల్ల మీద పెట్టి, బట్టల మూట మీద కూలబడ్డాను. అంతవరకే గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి ఎండ గోడ దిగిపోయింది. పిచ్చుక గుండీల డబ్బాలో మోచేతుల దాకా చేతులు ముంచి ఆడుకుంటోంది. షాపు ముందున్న సగం తలుపుకి గడియ పెట్టి ఉంది.

"లేచారా మహారాణీ! నీ గురకకి నా మిషన్ సిగ్గుపడి దారం తెంపుకుంది" అంది కత్తెరక్క.

"ఎంతసేపు పడుకున్నానక్కా?"

"పాతిక నిక్కర్లసేపు."

నవ్వబోతే ఏడుపొచ్చింది. అమ్మ మిషన్, చక్రం మీద చెయ్యి, లారీ, వదిన, అన్నీ చెప్పేశాను. మా ఆయనకి కూడా అంత చెప్పలేదు. కత్తెరక్క తొక్కడం ఆపకుండానే విన్నది.

"అయితే రోజూ వచ్చి ఇక్కడే పడుకో. లేచాక పని చెయ్. పిల్లకి డబ్బా ఉంది, తలుపుకి గడియ ఉంది, మాకు కళ్ళున్నాయి."

"పట్టపగలు బజార్లో నిద్రంటే నలుగురూ ఏమనుకుంటారు?"

"నీ నిద్ర నువ్వు పోతున్నావు. వాళ్ళ నిద్రేమన్నా లాక్కుంటున్నావా?"

ఆ సాయంత్రం ఆయనతో అంతా చెప్పాను. చాలాసేపు కుళాయికి కట్టిన దారాన్నే చూస్తూ కూర్చున్నాడు. "ఇన్నాళ్ళూ నేను చేసిందంతా తిరగబడిందన్నమాట" అన్నాడు.

"ప్రేమతోనే చేశారుగా."

"అక్కకి ఎలా చెప్పను?"

"మీరు చెప్పక్కర్లేదు. నేను చెప్తాను" అన్నాను. అనేశానే గానీ, వదిన ముందు గొంతెత్తిన పాపాన ఎప్పుడూ పోలేదు.

రోజూ మధ్యాహ్నం షాపుకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఒకట్రెండుసార్లు కల అక్కడికీ వచ్చింది. మిగతా రోజుల్లో రాలేదు. కూర్చున్నచోట కునికిపాట్లు పడడం మానేశాను.

ఎవరు చేరవేశారో గానీ, వారం తిరక్కుండానే వదిన సంచీ పట్టుకుని నేరుగా షాపుకే వచ్చేసింది. నేను అప్పుడే మూట మీద నడుం వాల్చబోతున్నాను.

"సంసారం చేసుకునే పిల్లవి, నడిబజార్లో కాళ్ళు చాపుకుని నిద్రా! మా పరువంతా ఈ పీలికల్లో కలిపేశావు కదే! పిల్లని ఇటివ్వు."

"ఇవ్వను వదినా."

రొదలో వినబడలేదో, విననట్టు నటించిందో. "ముందు ఈ గోల ఆపండమ్మా, మాట్లాడుకోవాలి" అంటూ వదిన, కత్తెరక్క తొక్కుతున్న మిషన్ చక్రం మీద అరచెయ్యి వేసి అదిమింది.

చప్పుడు ఆగింది. ఏం జరుగుతోందోనని మిగతా రెండు మిషన్లూ ఆగాయి. కత్తెరక్క పాదాలు పెడల్ మీంచి పైకి లేచాయి.

ఆ బల్ల కింద దూరిపోదామని నిజంగానే వంగాను. అక్కడ పిచ్చుక ఉంది. గుప్పెట్లో గుండీలు పట్టుకుని నా వంక చూస్తోంది. నేను దాక్కోవాల్సిన చోట నా బిడ్డ కూర్చుని ఉంది.

లేచి నిలబడ్డాను. వదిన మణికట్టు పట్టుకుని, చక్రం మీంచి ఆ చెయ్యి తీసేశాను. మెల్లగానే తీశాను. కానీ తీశాను.

"దీని మీద చెయ్యి వెయ్యకండి."

"నా చెయ్యే పట్టుకున్నావే! ఇంత పొగరెక్కణ్ణుంచి వచ్చింది నీకు?"

"ఆలస్యంగా వచ్చింది వదినా, ఎప్పుడో రావాల్సింది. అక్కా, తొక్కు."

కత్తెరక్క తొక్కింది. అటూ ఇటూ ఉన్న మిషన్లు కూడా అందుకున్నాయి.

"నాకు నిద్రవేళయింది. ఆ స్టూలు మీద కూర్చోండి. పిల్ల ఏమైపోతుందోనని కదా మీ బెంగ, మీ కళ్ళతోనే చూడండి" అని, వదిన ఎదురుగానే మూట మీద పడుకున్నాను. ఒక మనిషిని ఎదిరించి నేను కళ్ళు మూసుకోవడం అదే మొదటిసారి. గుండె దడకి నిద్ర రాదనుకున్నాను. పంతానికి వచ్చింది.

కల కూడా వచ్చింది. ఈ ఒక్కపూటకీ ఆగమంటే ఆగడానికి అదేమన్నా మర్యాద తెలిసిన చుట్టమా! చప్పుడు ఆగింది, పాదాలు లేచాయి, నేను కెవ్వుమని అరిచి లేచి కూర్చున్నాను.

వదిన స్టూలు మీంచి ఎగిరిపడింది. "అయ్యయ్యో, పిల్ల జడుసుకుంటుంది!" అని బల్ల కిందికి చేతులు చాచింది.

పిచ్చుక ఆ చేతుల్ని తప్పించుకుని పాక్కుంటూ వచ్చింది. జిగట చేత్తో నా చెంప తట్టి, "కలమ్మా. అయిపోయింది. నీళ్ళు తాగు" అని మళ్ళీ గుండీల దగ్గరికి పోయింది. కత్తెరక్క ఒక చేత్తో కుడుతూనే రెండో చేత్తో నీళ్ళ సీసా అందించింది.

"రోజూ దానికి ఇదేనా నువ్వు చూపించేది?" వదిన గొంతు కొంచెం తగ్గింది.

"ఇదే. అమ్మ అరుస్తుంది, లేస్తుంది, నీళ్ళు తాగి పనిలో కూర్చుంటుంది. దాని దగ్గర దాచను. నేను మా అమ్మ పాదాలే చూశాను వదినా. ఇది నా మొహం చూస్తూ పెరుగుతుంది."

నేను చొక్కా ఒళ్ళోకి లాక్కుని సూదిలోకి దారం ఎక్కించాను. రెండుసార్లు తప్పి మూడోసారి ఎక్కింది.

"నిద్రలో దాన్ని తంతావేమో" అంది వదిన చివరికి.

"అదే నన్ను తంతోంది."

కత్తెరక్క కిసుక్కున నవ్వింది. వదిన నవ్వలేదు. ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుంది.

"నాకింకా నమ్మకం కుదరలేదు. వచ్చి చూస్తూ ఉంటాను."

"రండి. స్టూలు ఇక్కడే ఉంటుంది."

"వచ్చేటప్పుడు ఇంట్లో చిరుగులేమన్నా ఉంటే పట్రండి. ఉత్తినే కూర్చుంటే నడుం పట్టేస్తుంది" అంది కత్తెరక్క, తల ఎత్తకుండా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పట్టకపోతే పోయింది. పిచ్చుక నా చెయ్యి తలగడగా వేసుకుని, నోరు తెరుచుకుని, నా వాటా నిద్ర కూడా తనే పోతోంది.