గానుగాముదం వాసన

మా బావ పాండురంగయ్య పోయినప్పుడు నా పాలికి రెండు వచ్చాయి. ఒకటి మా అక్క నాగమల్లేశ్వరి, రెండోది ఆయన కారు. మనిషిని పోషించడం నాకు తెలుసు, కారును పోషించడం తెలియదు. ఒకటి ఆగితే రెండోదీ ఆగుతుందని తర్వాత తెలిసింది.

అది మామూలు కారు కాదు. పందేల కోసం ఇంగ్లండులో చేసిన పాత బండి. రెండే సీట్లు, మనిషి పొడవు బానెట్. ఒక దొర వెళ్లిపోతూ అమ్మితే బావ కొన్నాడు. దాని ఇంజనుకు ఆముదంతో చేసిన నూనె పోయాలి. అది డబ్బాల్లో ఇంగ్లండు సీమ నుంచే వచ్చేది. యుద్ధంలో ఆ డబ్బాలు ఆగిపోయాయి. బావ మైలవరం అవతల గానుగ నుంచి ఆముదం తెప్పించి, మా బట్టల కొట్లో సన్న నూలు పంచె చింపి, అందులో వడగట్టి పోసేవాడు. బందరు కాలవ గట్టున ఆ బండి పోతే వెనక తియ్యటి కమురు వాసన మిగిలేది. సాయంత్రం ఆ వాసన వీధి మలుపులో తగలగానే అక్క ఆయనకు కంచం పెట్టేది.

పోయిందీ ఆ కారులోనే. కంకిపాడు దాటాక బండిని గట్టు పక్కకు తీసి ఆపుకున్నాడు. గుండె. కబురు తెలిసి నేను వెళ్లేసరికి మనిషి చల్లబడ్డాడు, ఇంజను ఇంకా నడుస్తోంది. స్విచ్చి తిప్పి దాన్ని ఆపింది నేను. ఆ తిప్పిన చెయ్యి ఇప్పటికీ కొంచెం బరువుగానే ఉంటుంది.

అక్క ఏడవలేదు. బెజవాడలో మా ఇంటికి వచ్చాక అన్నం మానేసింది. మజ్జిగ తాగేది, ఒక్కోరోజు అదీ లేదు. చీర కుచ్చిళ్లు నిలవనంతగా చిక్కిపోయింది. అలా ఉండగా, పెరట్లో పెట్టిన కారు తుప్పు పడుతుందేమోనని ఒకరోజు స్టార్టు చేశాను. పొగ వంటింట్లోకి పోయింది. అక్క లేచి, బావ కంచం కడిగి, పీట వాల్చి అన్నం వడ్డించింది. ఆ పీటకు ఎదురుగా కూర్చుని తనూ తిన్నది. మా ఆవిడ రావమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

అక్కడితో నాకు లెక్క కుదిరింది. బండి నడిస్తే మనిషి తింటుంది. రేషను పెట్రోలు కూపన్ల కోసం కొట్లోని చీరలిచ్చాను. దయ్యమో, భ్రమో, అక్క కడుపులోకి నాలుగు ముద్దలు పోతున్నాయి. సరుకు చేరుతుంటే బండి తోలేవాడి ముఖం ఎవడు చూస్తాడు?

యుద్ధం అయిపోయిన మరుసటి ఎండాకాలం ఇంజన్లో టకటక మొదలైంది. మెకానిక్కు సంజీవరావును పిలిచాను. ఆయన పుల్లతో నూనె తీసి, వేళ్ల మధ్య సాగదీసి చూశాడు.

"మార్కండేయులు గారూ, ఇది నూనెటండీ? లక్కలా ఉంది."

"పందెపు బండికి ఆముదమే పొయ్యాలన్నారయ్యా."

"పందెం పరిగెత్తితే సరేనండి. ఎంత వేడెక్కినా ఇనుమును ఆముదం వదలదు. కానీ పందెం అయ్యాక ఇంజను విప్పి కడుగుతారు. మీరేమో పెరట్లో నిలబెట్టి, రోజూ కాసేపు పొగ పెడుతున్నారు. పెళ్లిగుర్రానికి గానుగ చుట్టూ తిరిగే పని."

"మరి ఏం చెయ్యమంటావు?"

"మొత్తం దింపేసి, కిరసనాయిలుతో కడిగి, డబ్బా నూనె పోద్దాం. చిక్కటిదే తెండి. పాత బండి, లోపల అరిగి ఉంది. మన ఎండకు పలచటిది నీళ్లతో సమానం."

"సగం ఆముదం, సగం అదీ పోస్తే?"

"పట్టుకీ నూలుకీ ఒకటే గంజి పెడతారా మీరు? ఆ రెండూ కలవవండీ. కలిపితే జిగురు. ఇలాగే నడిపారంటే ఈ వేసవిలోనే ఇంజను బిగుసుకుని పట్టేస్తుంది. తర్వాత పాత సామాన్లవాడికి వెయ్యాల్సిందే."

ఇంజను పోతే వాసన ఎలాగూ పోతుంది. ఇంజను ఉంటే ఏదో ఒక దారి దొరక్కపోదు. సరేనన్నాను.

కడిగిన బండి పిల్లిలా నడిచింది. పొగ లేదు, వాసన లేదు. అక్క వంటింటి గడప మీదికి వచ్చి చూసింది.

"బండి తీశావా?"

"తీశానక్కా."

"ఆయన రాలేదేం?" అని లోపలికి వెళ్లి గోడకు తిరిగి పడుకుంది. మర్నాడూ అంతే. మజ్జిగ గ్లాసు పెట్టినచోటే ఉంది.

వ్యాపారికి ఒక బుద్ధి ఉంటుంది. సరుకు లేనప్పుడు అలాంటిదే ఇంకోటి చూపిస్తాడు. రావమ్మ తలకు రాసుకునే ఆముదం గరిటెతో తెచ్చి, వేడెక్కిన పొగగొట్టం మీద పోశాను. పెరడంతా కమురు కమ్ముకుంది. అక్క బయటికి వచ్చింది. నా దగ్గరికి వచ్చి గాలి పీల్చింది.

"తమ్ముడూ, ఇది వంటాముదం."

నేను గరిటె వెనక్కి దాచాను.

"గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి తీసింది. ఆయన పోసేది గానుగది. ఆ మాత్రం నాకు తెలియదా?"

"ఇంజను పాడైపోతుందంటే నూనె మార్చానక్కా."

బానెట్ మీద చెయ్యి ఆనించింది. "అయితే దీన్లో ఆయన లేరు."

"లేరక్కా."

చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది. "సరే. ఆ గరిటె బూడిద పెట్టి తోమివ్వు. పప్పు కలపాలి."

బావ కంచం అటక మీద బోర్లించింది. రావమ్మ పక్కన కూర్చుని తిన్నది. ఆ రోజే కాదు, ఆ తర్వాతా తిన్నది. నష్టంలో ఉన్న కొట్టు ఒక్కసారిగా తేరుకున్నట్టు అనిపించింది నాకు.

ఆ నెలాఖరులో కంకిపాడులో ఒక నేత బేరం చూడడానికి అదే కారులో వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. వడగాలి. బావ ఆగిన చోటు దాటబోతుండగా వాసన వచ్చింది. వంటాముదం మాడు వాసన కాదు. పచ్చి గానుగాముదం, సన్న బట్టలో వడగట్టింది, తియ్యగా.

బండి గట్టు పక్కకు తీశాను. లోపల ఏ మూలో పాత జిగురు మిగిలి ఉంటుంది, ఇన్నాళ్లకు గట్టిగా తోలేసరికి అది కాలుతోంది. ఇదీ లెక్క. స్విచ్చి మీద చెయ్యి వేశాను. తిరగలేదు. స్విచ్చి కాదు, నా చెయ్యి.

"బావా, అక్క తింటోంది," అన్నాను.

పక్క సీటు తోలు, ఎవరో బరువు మార్చి కూర్చున్నట్టు కిర్రుమంది. ఎండకు తోలు కిర్రుమనడం మామూలే. ఇంజను అలాగే నడవనిచ్చాను. చివరికి వాసన పోయాక వెనక్కి తిప్పాను. బేరం మాట మరిచాను.

సాయంత్రం నేను కండువా తీసి చిలక్కొయ్యకు తగిలించబోతే అక్క అందుకుంది. ముఖానికి ఆనించి వాసన పీల్చింది. మడతపెట్టి పెట్టెలో పెట్టింది.

భోజనాల దగ్గర కూర్చుంది. అన్నం కలిపింది. ముద్ద ఎత్తలేదు. కలిపిన చెయ్యి కంచంలోనే ఉంది. చూపు నా మీద ఉంది. రావమ్మ భయంగా నా వంక చూసింది.

నేను లేచి అటక మీది కంచం దింపి, కడిగి, నా పక్కన పీట వాల్చి పెట్టాను. రావమ్మను వడ్డించమన్నాను.

అక్క ముద్ద ఎత్తింది.