ఇసకదూరి ముల్లు

ఎన్ని అని అడగకుండా ఉండవలసింది. అడిగినా, పరదేశి కుండ కింద పెట్టేదాకా ఆగి అడగవలసింది. అయినా ఎన్నయితే తనకేమిటి? ఎనిమిదయినా పన్నెండయినా తొట్టిలో పోసేవే. పోసిన తరవాత తీరిగ్గా లెక్క పెట్టుకోవచ్చు, ఎలాగూ రేపు ఆదివారం... కాదు, ఈ రోజే ఆదివారం. తోమా ఒంటి మీద ఉన్నది చర్చికి వేసుకునే తెల్ల చొక్కా. దాని కుడి చేతి మీద రక్తం చుక్కలు. మూడు. మడతలో ఇంకొకటి ఉంది. నాలుగు.

లెక్క పెడుతున్నానని తెలిసి గణపతిరావు చూపు తిప్పుకున్నాడు.

అతను తోమా మందుల గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపల బెంచీ మీద పరదేశి కూర్చుని ఉన్నాడు. అతని తలని వెనకనుంచి భార్య సన్యాసమ్మ పొట్టకి అదిమి పట్టుకుంది. పరదేశి నోరు తెరిచే ఉంది. ఆ నోట్లోంచి ఊపిరి బయటికి వచ్చినప్పుడల్లా సన్నటి ఈల. గొంతులో చేప ఉంది. ప్రాణంతో ఉంది.

పావుగంట కిందట పరదేశి బాగానే ఉన్నాడు. మాడుగుల కొండల్లోంచి దిగే గెడ్డలో చేపలు పట్టి, కుండకి తడిగుడ్డ కట్టి, తెల్లవారకముందే బయల్దేరి చోడవరం వచ్చాడు. అడ్డాకుల కట్ట అమ్ముకోవడానికి వెంట వచ్చిన సన్యాసమ్మ వీధిలోనే ఆగిపోయింది. హైస్కూల్లో సైన్సు చెప్పే గణపతిరావు పెరట్లో గాజుతొట్టి ఉంది, చేపలు దానికోసమే. పరదేశి గుడ్డ విప్పుతుండగా ఒక చేప ఎగిరి నేల మీద పడింది. దాన్ని ఒక చేత్తో అందుకున్నాడు. కుండ ఒరిగింది. రెండు చేతులూ కుండకి కావలసి వచ్చాయి. చేపని పళ్ళ మధ్య కరిచి పట్టుకున్నాడు. గెడ్డలో వల పట్టేవాళ్ళకి అది అలవాటే. అప్పుడు గణపతిరావు అడిగాడు, "ఎన్ని తెచ్చేవు, పరదేశీ?" అని.

జవాబు చెప్పడానికి పరదేశి నోరు తెరిచాడు.

సన్యాసమ్మే మొగుణ్ణి భుజానికి ఆనించుకుని రెండు వీధులు నడిపించింది. గణపతిరావు ముందు పరిగెత్తి దారి చూపించాడు. దారిలో ఆమె "ఎలాగ పడింది బాబూ?" అని అడిగింది. "జారింది" అన్నాడు. అబద్ధం కాదు.

"తోక అందింది మేస్టారూ. అంది వదిలేసింది" అన్నాడు తోమా. అతనికి అరవై దాటాయి. మిషన్ ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు కాంపౌండరుగా చేసి, రిటైరయ్యాక బజారు చివర ఈ గది పెట్టుకున్నాడు. "చిన్న చేపే. కానీ లోపల ఏదో పట్టుకునుంది. నేనొకటి లాగితే అదొకటి లాగుతంది."

"ముద్ద మింగిత్తే దిగిపోదా బాబూ?" అంది సన్యాసమ్మ. "ముల్లు గుచ్చుకుంటే మా ఇంటికాడ అన్నం ముద్దే ఎడతాం."

"ఊపిరికే దారి లేదు, ముద్దకి దారేదే? తల కదలనీకు. అనకాపల్లి బస్సెన్నింటికి మేస్టారూ?"

"పదింటికి."

గోడ మీద యాభై ఆరో సంవత్సరం క్యాలెండరు, దాని పక్కన గడియారం. తొమ్మిది దాటి పది నిమిషాలయింది. అనకాపల్లి పెద్దాస్పత్రికి పన్నెండు మైళ్ళు.

"అంతసేపు వీడు ఆగడు" అని తోమా పటకారు మళ్ళీ స్పిరిట్‌లో ముంచాడు. "ఈసారి గట్టిగా లాగేస్తాను. తెగితే తెగుద్ది, తరవాత సూసుకుందాం."

ఏం తెగుతుందో గణపతిరావుకి తెలుసు. ఈ గదిలో అతనొక్కడికే తెలుసు.

పరదేశి దాన్ని ఇసకదూరి అంటాడు. వేలెడు పొడుగు, ఒంటినిండా ఇసక రంగు మచ్చలు. కొండనీళ్ళ అడుగున ఇసకలో దూరి, కళ్ళు మాత్రం బయట పెట్టుకుని పడుకుంటుంది. ఉండుండి పైకొచ్చి ఒక గుక్క గాలి మింగుతుంది. ఆ గాలిని పేగుల్లోంచి లోపలికి తీసుకోగలదు. అందుకే తడిగుడ్డలో గంటలకొద్దీ బతుకుతుంది. గొంతులోనూ బతుకుతుంది. కంటి కింద, ఇటొకటి అటొకటి, సన్నటి గాడి. ఆ గాడిలో రెండు మొనల ముల్లు. నెమ్మదిగా ఉన్నప్పుడు ముల్లు గాడిలో పడుకునే ఉంటుంది, వేలికి కూడా తగలదు. బెదిరితే లేస్తుంది, మొనలు తోక వైపుకి. ఈ చేప తల ముందుకి పెట్టి గొంతులోకి పోయింది. తోక పట్టుకుని లాగినకొద్దీ ఆ రెండు ముళ్ళూ కండలోకి దిగుతాయి.

చెప్పాలి. ఇంతే కదా, చెప్పాలి. చెప్పినదాని ప్రకారం చేసి పరదేశి చచ్చిపోతే? చెప్పకపోతే తోమా లాగడం వల్ల చచ్చిపోతాడు. అది తోమా చెయ్యి. ఆ ఆలోచన తన బుర్రలోకి ఎంత సుళువుగా వచ్చిందో చూసి గణపతిరావు బెదిరిపోయాడు.

పన్నెండేళ్ళ కిందట అమ్మ మంచం పక్కనా ఇలాగే. ఆమెకి ఆయాసం ఎక్కువయింది. అతను గోడకి ఆనుకుని ఊపిరులు లెక్కపెడుతూ నిలబడ్డాడు. నాలుగు వందల పదహారు దాకా వచ్చాయి. మేనమామ లోపలికి వచ్చి, "డాక్టర్ని పిలవకుండా ఏం చేస్తున్నావురా?" అన్నాడు. ఏం చేస్తున్నాడో చెప్పుకోదగింది కాదు. అప్పటినుంచీ భయం వేసినప్పుడల్లా లెక్క మొదలవుతుంది. భయం లేనప్పుడు కూడా, అది రాకుండా ఉండడానికి, ఏదో ఒకటి ఎన్ని అని అడుగుతూ ఉంటాడు.

తోమా పటకారు నోటి దాకా తెచ్చాడు.

"లాగకండి."

మాట పెదవుల దగ్గరే ఆగిపోయింది. రెండోసారి అవసరానికి మించి గట్టిగా వచ్చింది. "లాగకండి!"

తోమా ఉలిక్కిపడి చూశాడు. "ఏటి?"

"దాని కళ్ళ కింద ముళ్ళున్నాయి. వెనక్కి తిరిగి ఉంటాయి. లాగితే ఇంకా దిగుతాయి."

"చస్తే వదులుద్ది కదా."

"వదలదు. నా సీసాల్లో ఉన్నవన్నీ ముల్లు లేపే చచ్చేయి. చచ్చేక ఇక మడవదు. బతికుండగానే దానంతటది మడవాలి."

"మరేటి చెయ్యమంటారు?"

"తొయ్యాలి."

"ఎక్కడికి?"

"లోపలికి."

సన్యాసమ్మ మొగుడి తలని ఇంకా దగ్గరికి హత్తుకుంది. "సంపెత్తారా బాబూ?"

"మేస్టారూ," అన్నాడు తోమా, "మీరు సీసాల్లో ఊరేసిన చేపలకి డాక్టరు. ఇది మనిషి గొంతు."

"కొంచెమే. బియ్యపు గింజంత. ముల్లు కండలోంచి ఊడుతుంది. తరవాత దాన్ని కదలకుండా అదిమి పట్టుకోవాలి. చుట్టూ బిగువుగా ఉంటే ఇసకలో ఉన్నాననుకుంటుంది. ముల్లు మడుస్తుంది. అప్పుడు తియ్యాలి."

"మీరు సూసేరా?"

"నా చేతిలో పట్టుకుని చూసేను. పద్నాలుగుసార్లు."

"పద్నాలుగుసార్లూ మడిసిందా?"

నోటు పుస్తకంలో ఆ పేజీ కళ్ళ ముందుంది. అవునంటే సరిపోతుంది. ఎవరూ ఆ పుస్తకం తెరిచి చూడరు.

"పదకొండుసార్లు" అన్నాడు.

పరదేశి పెదవులు నీలంగా మారుతున్నాయి. తోమా తన కుడిచేతి లావుపాటి వేలు ఎత్తి చూపించాడు. "ఈ అరటిపండు ఎడితే ఉన్న సందు కూడా మూసుకుపోద్ది. సన్నటి వేళ్ళు మీవే. కడుక్కోండి. బేగి!"

చేతులు కడుక్కుంటుంటే వేళ్ళ సందుల్లోంచి సుద్ద కరిగి పళ్ళెంలోకి కారింది. గణపతిరావు మనుషుల్ని ముట్టుకోడు. బోర్డు దగ్గరికి వచ్చిన పిల్లల చేతిలో సుద్దముక్క పైనుంచి వదులుతాడు. ఇసకలో కళ్ళు మాత్రం బయట పెట్టుకుని బతికే ప్రాణిని చూస్తూ రెండేళ్ళు ఎందుకు గడిపాడో ఇప్పుడు ఆలోచించే వేళ కాదు.

తోమా పరదేశి దవడ పళ్ళ మధ్య చెక్కముక్క పెట్టి, టార్చి వెలిగించాడు.

నోరు ఇంత వేడిగా ఉంటుందని గణపతిరావు అనుకోలేదు. వేలు నాలుక మీదుగా వెళ్ళింది. జారుగా తోక. తోక పక్కనుంచి ఒళ్ళు. ఒళ్ళు చివర తల, అక్కడ రెండు పక్కలా సూదుల్లాగ రెండేసి మొనలు. పరదేశి కళ్ళు జానెడు దూరంలో ఉన్నాయి. అవి గొంతుని కాదు, అతన్నే చూస్తున్నాయి.

తోశాడు.

ఈల ఆగిపోయింది.

"ఊపిరి లేదు బాబూ!" అని అరిచింది సన్యాసమ్మ. "ఊపిరి లేదు!"

"కదలనీకు" అన్నాడు తోమా.

ఒకటి. రెండు. మూడు. వేలి కింద చేప కొట్టుకుంటోంది. దాన్ని గొంతు గోడకి అదిమి పట్టాడు. ఏడు. ఎనిమిది. మడిచిన పదకొండుసార్లలో అన్నిటికన్నా ఆలస్యమయింది పద్దెనిమిది లెక్కకి. పన్నెండు. పరదేశి మడమలు నేలని తన్నుతున్నాయి. పదహారు. పదిహేడు. పద్దెనిమిది. మొనలు అలాగే ఉన్నాయి. పందొమ్మిది అంటే, మడవని ఆ మూడింట్లో ఒకటి. వేలు తీసెయ్యాలి. తీసేస్తే తోమా లాగుతాడు, ఏదో ఒకటి అవుతుంది, తను మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళిపోవచ్చు.

పరదేశి చెయ్యి పైకి లేచి అతని మణికట్టు పట్టుకుంది. లాగెయ్యడానికి అనుకున్నాడు. లాగలేదు. పట్టుకుని ఉంది, అంతే. గెడ్డ దాటేటప్పుడు పక్కవాణ్ణి పట్టుకున్నట్టు.

ఎంతదాకా లెక్క పెట్టాడో గణపతిరావుకి జారిపోయింది.

వేలి కింద ఏదో మడుచుకుంది. రెప్ప మూసుకున్నంత మెత్తగా. ఆ పక్కది కూడా.

"ఇప్పుడు" అన్నాడు.

పటకారు అతని వేలి పక్కనుంచి దిగి తోక అందుకుంది. ఈసారి దేనికీ తగులుకోలేదు. తోమా దాన్ని ఎనామిల్ పళ్ళెంలో పడేశాడు. చేప రెండుసార్లు మెలితిరిగి, ఒక బుడగ వదిలి, పళ్ళెం అంచు కింద నీడలో దూరడానికి చూసింది.

పరదేశి ముందుకి ఒరిగి దగ్గాడు. రక్తం పడింది, తరవాత ఊపిరి, చెరకుబండి ఇరుసు కీచుమన్నట్టు. ఆ చప్పుడు విని సన్యాసమ్మ ఏడుస్తూ అతని వీపు మీద చరిచింది. "సచ్చినోడా, నోరున్నది సేపలు దాసుకోటానికేటి? నానేటైపోవాలి?"

"కొట్టకే, ఇప్పుడే బతికేడు" అని తోమా స్టూలు మీద కూలబడ్డాడు. "స్తోత్రం దేవా. చర్చీ పోయింది, చొక్కా పోయింది. ఒరే పరదేశీ, మూడురోజులు మాటాడేవంటే నేనే గొంతు కుట్టేస్తాను, తెలిసిందా?"

పరదేశి తల ఊపాడు. తరవాత గణపతిరావు వైపు తిరిగి చెయ్యెత్తాడు. అయిదు వేళ్ళూ చాపాడు. మూశాడు. మళ్ళీ అయిదూ చాపాడు.

"ఏటి సూపిత్తన్నాడు బాబూ?" అంది సన్యాసమ్మ.

పరదేశి మళ్ళీ మూసి, ఒక వేలు లేపాడు. రెండోది లేపుతున్నాడు. కళ్ళలో శ్రద్ధ ఉంది, అడిగినవాడికి జవాబు బాకీ ఉండకూడదన్నట్టు.

"నేనడిగేను" అన్నాడు గణపతిరావు. "నోట్లో చేప ఉండగా... వాడి నోట్లో చేప ఉండగా నేనే అడిగేను, ఎన్ని తెచ్చేవని. అందుకే నోరు తెరిచేడు."

సన్యాసమ్మ ఏడుపు ఆపి అతన్ని చూసింది. ఏమంటుందో అని అతను ఆగలేదు. ముందుకి వంగి, పరదేశి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, లేచి ఉన్న వేళ్ళని ఒక్కొక్కటే మడిచాడు.