ఆరబెట్టని రాడ్డు

నేను ఒక వెల్డింగ్ రాడ్డును. మూరెడు పొడుగు ఇనుప తీగ, దానిమీద బూడిదరంగు మందు పూత, అంతే నా ఆస్తి. మా జాతికి ఆయుష్షు రెండు నిమిషాలు దాటదు. మొన తగిలిస్తే వెలుగుతాం, రెండు ఇనుప ముక్కల్ని కలిపి వాటిలోనే కలిసిపోతాం. మాకు చావే సద్గతి. ఆ సద్గతికి నోచుకోక మిగిలిపోయాను గనకే మీకీ గోడు చెప్పుకునే తీరిక దొరికింది.

నేను పుట్టింది పరాయి దేశంలో కాదు, ఇక్కడే, హైదరాబాదు శివార్లలో ఒక చిన్న ఫ్యాక్టరీలో. తీగను నిఠారుగా కోసి, మందు పూసి, వేడి గదిలో ఎండబెట్టి, ఒక్కొక్కరి మీదా పేరు అచ్చేసి పెట్టెలో పడుకోబెట్టారు. మా పెట్టె సాదాసీదాగా ఉంటుంది. అందుకే ఇనుప కొట్టుకు వచ్చిన చాలామంది మమ్మల్ని చూసి మొహం తిప్పుకుని, తమకు చదవరాని లిపి ఉన్న పెట్టె అడుగుతారు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా! ఆ పెట్టెలో వాళ్లతో నాకు పగేమీ లేదు, వాళ్లలోనూ మంచివాళ్లుంటారు. చదవలేని పేరును నమ్మడం ఏం తెలివో నాకు బోధపడదు, అంతే.

దస్తగిరి అలాంటివాడు కాదు. అద్దంకి దాటాక దర్శి రోడ్డు మీద, మూడు దారులు కలిసేచోట, రేకుల షెడ్డులో ముప్ఫై ఏళ్లుగా వెల్డింగు చేస్తున్నవాడు. మాలకొండయ్య ఇనుప కొట్టుకు వచ్చి మా పెట్టె విప్పించిన రోజు నాకింకా గుర్తే. ముందు ఐఎస్‌ఐ గుర్తు చూశాడు, తయారైన తేదీ చూశాడు. తర్వాత మాలో ఒకణ్ని బయటికి తీసి, మొనను కంటి దగ్గర పెట్టుకుని, తీగ మందుకు సరిగ్గా నడిమధ్యన ఉందా, పక్కకు ఒరిగిందా అని చూశాడు. ఒరిగిన రాడ్డు ఒక పక్కే కాలుతుందట. బల్ల మీద దొర్లించాడు, గోటితో గీకాడు. చివరికి ఇద్దర్ని చెవి దగ్గరికి తీసుకుని ఒకరితో ఒకరిని తాటించాడు. పొడిగా ఉన్న రాడ్డు ఖంగుమంటుంది. తడి తాగినది మొద్దుగా చప్పుడు చేసి ఊరుకుంటుంది. మేం ఖంగుమన్నాం. రాడ్లు కొంటున్నావా, పెళ్లిచూపులకు వచ్చావా అని మాలకొండయ్య వేళాకోళం చేశాడు. మన సరుకులో మంచిదీ ఉంటుంది, నాసిదీ ఉంటుంది, ఏరుకునే పని మనదేనని దస్తగిరి నవ్వి, మమ్మల్ని చంకలో పెట్టుకుని వచ్చేశాడు. నన్ను అంత శ్రద్ధగా చూసిన మనిషి ఇంకొకడు లేడు. దాచడం దేనికి, నాకు గర్వంగా అనిపించింది.

షెడ్డును ఆనుకునే అతని భార్య మౌలాబీ శనగల బట్టీ ఉండేది. పెద్ద బాండీలో ఇసుక కాగుతుంటే అందులో శనగలు పోసి వేయించి అమ్మేది. బరువు మోసే అతుకులకు వాడే నా రకం రాడ్లకు తడి విషం. పట్నంలో వీటిని వేడి పెట్టడానికి కరెంటు పెట్టెలుంటాయట. దస్తగిరికి మౌలాబీ ఇసుకే ఆ పెట్టె. పొద్దున్నే మొదటి వాయి దిగాక, ఆ రోజుకు కావలసిన రాడ్లను ఆమె వేడి ఇసుకలో పూడ్చిపెట్టేది. గంటన్నర తర్వాత పట్టకారుతో తీసి, తాటించి విని, అప్పుడు గానీ మొగుడికి ఇచ్చేది కాదు. తన చెవికంటే ఆమె చెవినే అతను నమ్మేవాడు. ఇదంతా షెడ్డులో మాకంటే ముందొచ్చిన రాడ్లు చెబితే విన్నాను. మా దాకా ఆ ముచ్చట రాలేదు. మా పెట్టె వచ్చిన వారానికే రెండు రోజుల జ్వరంతో మౌలాబీ పోయింది.

ఆ వెనకే తుఫాను పట్టుకుంది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు రేకుల సందులోంచి నీళ్లు కారి మా పెట్టె నానింది. దస్తగిరి చూశాడు, తుడిచాడు, అటకెక్కించాడు. బట్టీ మాత్రం వెలిగించలేదు. దాని పక్కనుంచి వెళ్లాల్సి వస్తే మొహం అటు తిప్పుకుని పోయేవాడు. ఆమె చివరిసారి వాడిన గరిటె ఇసుకలో అలాగే గుచ్చి ఉంది. దాన్ని తీయడానికి అతనికి చేతులు రాలేదు.

ఆమె పోయి నలభై రోజులింకా నిండలేదు. మిరప రైతు అంకిరెడ్డి ట్రాక్టరు తెచ్చి ఆపాడు. వెనక ట్రక్కును ఇంజనుకు తగిలించే కొక్కెం దగ్గర అతుకు విడిపోయింది. మిరప కోతలు మొదలయ్యాయి, కూలికి వచ్చే ఆడవాళ్లు రోడ్డు మీద ఎదురు చూస్తున్నారు, గంటలో అయిపోవాలన్నాడు. దస్తగిరి పెట్టె దించాడు. ఇద్దర్ని తీసి తాటించాడు. మొద్దు చప్పుడు. అతను విన్నాడు. విన్నాడని నాకు తెలుసు, ఎందుకంటే వెంటనే తలెత్తి బట్టీ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మమ్మల్ని రేకు ముక్క మీద ఎండలో పరిచి, అంకిరెడ్డి రెండోసారి కేకేసేదాకా ఆగి, చేతిలోకి తీసుకున్నాడు. పై మందు వేలికి పొడిగానే తగిలింది. లోపలి తడి శీతాకాలపు ఎండకు పోతుందా?

నాతో పుట్టినవాళ్లు ఏడుగురు ఆ రోజు కాలారు. చిటపటలాడుతూ, ఉమ్ముకుంటూ కాలారు. అతుకు నిండా సన్నటి గాలి బుడగలు లేచాయి. దస్తగిరి పైపైన నునుపు పట్టించి నల్లరంగు పూశాడు. ఎనిమిదోవాణ్ని నేను. నా వంతు రాకుండానే పని అయిపోయిందన్నాడు. చెడిన అతుకును చూస్తూ కూడా అతనలా అనడం నేను వినడం అదే మొదలు.

పదో రోజు సాగర్ కాలువ వంతెన ఎక్కుతుండగా అతుకు విరిగింది. పదమూడు మంది ఆడవాళ్లతో ట్రక్కు వెనక్కి దొర్లి కాలువ గట్టు కింద పక్కకు పడింది. దేవుడి దయవల్ల ప్రాణాలు పోలేదు. కూలీల ముఠాను నడిపించే తిరపతమ్మ కుడిచెయ్యి మాత్రం ట్రక్కు తలుపు కింద పడి నలిగిపోయింది. ఒంగోలు ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు. చుట్టుపక్కల ఊళ్లలో ఆమె అంత చురుగ్గా మిరపకాయ కోసే మనిషి లేదు. భర్త లేని ఇల్లు, ఆ చెయ్యే సంపాదన.

ఊళ్లో అందరూ తలా ఒక మాట అన్నారు. ఆ మాటలన్నీ చివరికి నా మీదకే వచ్చాయి. ఆ లోకల్ రాడ్లు వద్దంటే దస్తగిరి విన్నాడా అన్నాడు అంకిరెడ్డి. అసలు అతనెప్పుడూ వద్దనలేదు. ఆడలేనివాడు మద్దెల ఓడంటే నవ్వుతారు. ఇక్కడ ఆడినవాడు నోరు విప్పకముందే ఊరంతా కలిసి మద్దెలను తన్నింది. మాలకొండయ్య మా పెట్టెలు తీసేసి చదవరాని లిపి పెట్టెలు పేర్చాడు. దస్తగిరి మూడు రోజులు ఏమీ మాట్లాడలేదు. ఆ మూడు రోజులు నేనతన్ని అసహ్యించుకున్నాను.

నాలుగో రోజు లేచి వెళ్లి అందరికీ చెప్పాడు. రాడ్డు మంచిదే, తడి పట్టిందని తెలిసీ ఆరబెట్టకుండా వాడింది నేనేనన్నాడు. ఎవరూ నమ్మలేదు. పెళ్లాం పోయిన దుఃఖంలో మనిషి ఏదో అంటున్నాడన్నారు. తప్పు తన మీద వేసుకుంటున్నాడు, ఎంత గొప్ప మనసు అన్నారు. అంకిరెడ్డి భుజం తట్టి టీ ఇప్పించాడు. నిజాన్ని ఇంత మర్యాదగా కాదనే జీవులు మనుషులు తప్ప ఇంకెవరుంటారు? ఆ టీ తాగలేక గ్లాసు పక్కన పెట్టి దస్తగిరి ఒంగోలు బస్సెక్కాడు.

తిరపతమ్మ ఒక్కతే నమ్మింది. మంచం పక్కన నిలబడి అతను చెప్పిందంతా విని, గోడవైపు తిరిగి పడుకుంది. బయటికి పొమ్మని నర్సు అనేదాకా దస్తగిరి అక్కడే నిలబడ్డాడట. ఈ సంగతి తర్వాత ఎప్పుడో అతను తనలో తను గొణుక్కుంటుంటే విన్నాను.

ఆ నెలలోనే వెల్డింగ్ మిషను అమ్మేశాడు, తడిసిన రాడ్లను పాత ఇనుముకు వేశాడు. నన్నెందుకు ఉంచాడో చెప్పలేదు. అంకిరెడ్డి కొక్కేన్ని పట్నంలో వేరేవాళ్ల దగ్గర, ఆ చదవరాని లిపి పెట్టె రాడ్లతో అతికించుకొచ్చాడు. వాటిని వేడి పెట్టారా లేదా అని అతనూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. అప్పట్నుంచి రోజూ పొద్దున ట్రాక్టరు మూడుదారుల దగ్గర ఆడవాళ్లను ఎక్కించుకోవడానికి ఆగినప్పుడు, దస్తగిరి నన్ను చేతపట్టుకుని వచ్చి ట్రక్కు ముందు గొంతుక్కూర్చుంటాడు. నా మొనతో అతుకు మీది మట్టి గీకుతాడు, తట్టి వింటాడు, లేచి పక్కకు తప్పుకుంటాడు. మొదట్లో నవ్వారు. తర్వాత విసుక్కున్నారు. తర్వాత అలవాటైపోయింది. గీకీ గీకీ నా మందంతా రాలిపోయింది. ఇప్పుడెవరు అంటించినా నేను వెలగను.

ఏడాది తిరిగి మళ్లీ కోతలొచ్చాయి. మొదటి రోజే తిరపతమ్మ వచ్చింది, ఎడమచేత్తో సద్ది క్యారేజీ పట్టుకుని. దస్తగిరి వైపు చూడలేదు. మిగతావాళ్లు ఆమెను పట్టుకుని ముందుగా ట్రక్కు ఎక్కించారు. అతను కూర్చుని గీకాడు. అతుకు కింది అంచున వెంట్రుకంత గీత ఉంది. రెండోసారి గీకాడు. గీత పోలేదు.

లేచి నిలబడి, “అతుకు పగిలింది. ఎవరూ ఎక్కమాకండి. ఎక్కినోళ్లు దిగండి” అన్నాడు.

అంకిరెడ్డికి కోపం వచ్చింది. పట్నంలో చేయించానన్నాడు, ఈయనకు మతి చెడిందన్నాడు, ఈ పూట కోత ఆగితే కాయ రాలిపోతుందన్నాడు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు తిరపతమ్మ లేచింది. క్యారేజీ పక్కవాళ్లకిచ్చి, ఎడమచేత్తో తలుపు పట్టుకుని, మెల్లగా దిగింది. ఆమె వెనక ఒక్కొక్కరే అందరూ దిగారు. అంకిరెడ్డి ఖాళీ ట్రక్కు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

తిరపతమ్మ దస్తగిరి ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె గొంతు పెంచలేదు.

“ఆ రోజు కూడా ఈ మాటే అనుంటే, మేం ఇంటికి తిరిగిపోయేవాళ్లం కదన్నా. అంతేగా” అంది.

“అంతేనమ్మా” అన్నాడు దస్తగిరి.